పీనుగు లేని శోకం

పోయిన వారం మనం దేవదానాన్ని గద్వాల బస్టాండులో వదిలేశాం. పక్కన తల్లి ఎస్తేరమ్మ, ఆమె చంకలో జొన్నరొట్టెల మూట. అప్పుడే ఫోను మోగింది. అవతల డైరెక్టర్ జగదీశ్. "మధ్యాహ్నం మిల్లులో కథ నువ్వే చెప్పాలయ్యా దానం. ఈసారి తెర మీద నీ పేరు పడుతుంది. మాటలు అని విడిగా కార్డు వేయిస్తా" అన్నాడు. "సరే సార్" అన్నాడు దేవదానం. ఆ సరే వెనక ఏముందో జగదీశ్‌కు తెలియదు. మనకు తెలుసు. తెలిసింది కదా అని తొందరపెట్టకండి. పగ పట్టిన మనిషిని వెనక నుంచి తోయకూడదు, వాడి నడక వాణ్ణి నడవనివ్వాలి.

ఈ వారమే వచ్చి కూర్చున్నవాళ్లకు నాలుగు ముక్కలు చెప్పి ముందుకు పోదాం. మిగతావాళ్లు ఈలోపు చాయ్ తాగి రండి.

దేవదానానిది బిజినేపల్లి అవతల ఒక పల్లె. కూలి చేసుకుని బతికే క్రైస్తవ కుటుంబం. తండ్రి జోసెఫ్ ఏటా పూణెకు వలసపోయి పరాయివాళ్ల ఇళ్లకు పునాదులు తవ్వేవాడు. కొడుకును వనపర్తిలో పాలిటెక్నిక్‌లో చేర్చాడు. కొడుకు అక్కడ నేర్చింది వేరే విద్య. హాస్టలు గదిలో అందరి చిల్లరా పోగేస్తే ఒక్క సినిమా టికెట్టుకు సరిపోయేది. ఆ టికెట్టు మీద దేవదానాన్ని పంపేవాళ్లు. వాడు మార్నింగ్ షో చూసొచ్చి గదిలో అందరికీ సినిమా చెప్పాలి. సరిగ్గా చెప్పకపోతే వీపు చిట్లేది. ఎక్కడ ఆపితే "తర్వాతేమైందిరా" అని మీద పడతారో, ఎక్కడ సాగదీస్తే బీడీల కట్ట తీస్తారో, అదంతా వాడు ఆ గదిలోనే నేర్చుకున్నాడు. సినిమా బాగాలేకపోతే దారిలో నడుస్తూ తనే బాగుచేసుకుని వచ్చేవాడు. తర్వాత ఎవడో అదే సినిమాకు పోయి వచ్చి, "నువ్వు చెప్పిందే మంచిగుండెరా" అన్నాడు. ఆ ఒక్క మాట పట్టుకుని చదువు వదిలేసి హైదరాబాదు బస్సెక్కాడు.

కృష్ణానగర్‌లో ఒక ఇరుకు గదిలో జగదీశ్ పరిచయమయ్యాడు. రాజమండ్రి మనిషి. అప్పటికి డైరెక్టర్ కాలేదు, కథ కోసం కాళ్లరిగేలా తిరుగుతున్నాడు. ఆ ఏడే పూణెలో మట్టిపెళ్లలు విరిగిపడి జోసెఫ్ చనిపోయాడు. శవం లారీలో ఊరికి వచ్చింది. ఎస్తేరమ్మ శోకం పెట్టింది.

శోకం అంటే మా వైపు ఊరికే ఏడవడం కాదు. పోయినవాడి బతుకును రాగం తీసి చెప్పుకుంటూ, వాణ్ణి తిట్టి, బతిమాలి, నిలదీసి ఏడవడం. అది అందరికీ రాదు. ఎస్తేరమ్మకు వచ్చినట్టు చుట్టుపక్కల ఏ ఊళ్లోనూ ఎవరికీ రాదు. చావు జరిగితే ఏ కులం ఇంటివాళ్లయినా ఆమెకు కబురు పంపేవాళ్లు. "పరలోకం మీద ఆశ లేనివాళ్లలా ఏడవొద్దమ్మా, కీర్తన పాడండి" అని పాస్టరుగారు చాలాసార్లు మందలించాడు. ఆయన తల్లి పోయిన రోజు ఆయనే మనిషిని పంపాడు. అటువంటి ఎస్తేరమ్మ తన మొగుడి శవం మీద పడి ఏడ్చిన ఏడుపులో ఒక ముక్క ఇది:

"ఊరోళ్ల మేడలకు పునాదులు తీస్తివి,
నీ ఇంటికి గుంజన్న పాతకపోతివి జోసెఫా...
తాగొచ్చి తన్నినా తలుపు తీద్దునయ్యో,
తన్ననీకన్న లేవరాదె జోసెఫా..."

దేవదానం ఆ కథంతా జగదీశ్‌కు చెప్పాడు. శోకం కూడా పాడి వినిపించాడు. జగదీశ్ ఏడ్చాడు. కళ్లు తుడుచుకుని, "గొప్ప కథ దానం, కానీ సినిమాకు పనికిరాదు" అన్నాడు. కొన్నాళ్లకు అతని మొదటి సినిమా వచ్చింది. అందులో కమెడియన్ చీర కట్టుకుని, చచ్చిన మేకపోతు మీద పడి, ఆ శోకాన్నే మాట పొల్లుపోకుండా పాడాడు. జోసెఫ్ పేరున్న చోట మేకపోతు పేరు పెట్టారు. అంతే తేడా.

కొడుకు పనిచేసిన సినిమా అనుకుని ఎస్తేరమ్మ చెల్లెలు కిష్టమ్మను వెంటబెట్టుకుని నాగర్‌కర్నూల్ పోయి ఆ సినిమా చూసింది. హాలు హాలంతా పొట్ట పట్టుకుని నవ్వింది. ఆమె లేచి బయటికి వచ్చేసింది. మళ్లీ ఎవరి చావుకూ నోరు విప్పలేదు. చివరికి ఆ కిష్టమ్మే పోతే, సొంత చెల్లెలి శవం ముందర, కొంగు నోట్లో కుక్కుకుని కూర్చుంది. ఎస్తేరమ్మ నోరు పడిపోయిందని ఊరు అనుకుంది. దేవదానం మాత్రం జగదీశ్ నోరు పడిపోయే రోజు కోసం కాచుకున్నాడు. ఈ మధ్య ఏళ్లలో వాడు ఎందరికో సీన్లు రాశాడు, ఎక్కడా పేరు పడలేదు. కోర్టుకు పోవడానికి కాగితం లేదు. సినిమావాళ్ల కథ కాగితం మీద పుట్టదు, నోటి మీద పుడుతుంది. నోట్లోంచి ఎత్తుకుపోయినదాన్ని ఏ పోలీసుకు చూపిస్తావు?

సరే, కథలోకి వచ్చాం. చాయ్ తాగడానికి పోయినవాళ్లు వచ్చి కూర్చోండి.

జగదీశ్ చెప్పిన ఆ పత్తి మిల్లు గద్వాల ఊరి బయట, అయిజ రోడ్డు మీద ఉంది. యజమాని శంకరయ్య. పత్తి విత్తనాల వ్యాపారంలో పైకొచ్చి, ఇప్పుడు సినిమా తీయాలని సరదా పడ్డ మనిషి. ఆయన పద్ధతే వేరు. ఆఫీసు గదిలో ఏసీ వేసి కథ వినమంటే వినడు.

"నాకు కథలు తెల్వయి డైరెక్టర్ సాబ్" అని మొదటి రోజే చెప్పేశాడు. "మా మిల్లుల ఆడోళ్లు బువ్వ తిని జరసేపు కూసుంటరు. ఆళ్లకు చెప్పున్రి. పనికి గంట కొట్టినంక గూడ ఆళ్లు లేవకుంట కూసున్నరనుకో, సినిమా తీస్త. లేసిపోయిన్రనుకో, మీరు గూడ లేసిపోవాలె."

జగదీశ్ నవ్వుతూ ఒప్పుకున్నాడు. ఒప్పుకోక చస్తాడా. ఆ మేకపోతు సినిమా ఆడింది కానీ, తర్వాత తీసినవి రెండూ పల్టీ కొట్టాయి. హైదరాబాదులో ఏ ఆఫీసుకు పోయినా కాఫీ ఇచ్చి పంపేస్తున్నారు. ఇక్కడ శంకరయ్య కాదంటే అతను రాజమండ్రి పోయి మామగారి కొట్లో కూర్చోవాల్సిందే. పత్తి గింజలు ఏరే ఆడవాళ్లకు తన భాషలో కథ చెప్తే మధ్యలోనే కునుకు తీస్తారని అతనికి తెలుసు. అందుకే పాలమూరు నోరున్న దేవదానం అవసరమయ్యాడు.

ఆడవాళ్లు అన్నాలు తిని, టిఫిను డబ్బాలు కడిగి, పత్తి కుప్పలకు వీపులానించి కూర్చున్నారు. తలల మీద, కనుబొమల మీద దూది. దేవదానం తల్లిని తీసుకుపోయి వాళ్ల మధ్యలో కూర్చోబెట్టాడు. కొత్తగా పనికి వచ్చిన ముసలమ్మ అనుకుని వాళ్లు జరిగి చోటిచ్చారు. ఎందుకు తీసుకొచ్చాడో వాడు ఆమెకు చెప్పలేదు. "కథ చెప్తున్ననే అవ్వా, ఇందువు రా" అన్నాడంతే. ఆమె కూడా అడగలేదు. బిజినేపల్లిలో ఎక్కి, వనపర్తిలో బస్సు మారి, కృష్ణ దాటి, ఇంతదూరం వచ్చింది కానీ ఒక్క మాట అడగలేదు.

వాడి ఆలోచన ఇదీ. సగం దాకా జగదీశ్ కథ బుద్ధిగా చెప్పడం. ఆడవాళ్లు కథలో పడ్డాక, గంట కొట్టాక, శంకరయ్య చెవులు రిక్కించి వింటున్నప్పుడు, కథను పక్కకు తిప్పి జగదీశ్ దొంగతనాన్ని అందరి ముందూ చెప్పెయ్యడం. తెర మీద పేరు పోతుంది. ఇన్నేళ్లు పడిగాపులు కాసింది ఆ పేరు కోసమే. పోతే పోనీ అనుకున్నాడు. తల్లి కళ్ల ముందే జగదీశ్ పరువు తీయాలి, ఆమె చూడాలి. అది చూస్తే ఆమె నోరు తిరిగి వస్తుందని వాడి ఆశ.

మొదలుపెట్టాడు. అబ్బో, ఏం చెప్పాడు. జైలు నుంచి తిరిగొచ్చిన కొడుకు, వాడి భూమి తన పేర రాయించుకున్న మేనమామ, ఆ మేనమామ కూతురే వాడికి పెళ్లాం కావాల్సిన పిల్ల. కథ పాతదే, వంద సినిమాల్లో అరిగినదే. దేవదానం నోట్లో పడేసరికి దానికి ప్రాణమొచ్చింది. మేనమామ దొంగ నవ్వు నవ్వాడు, పిల్ల పత్తి చేలో నిలబడి మూతి తిప్పింది. ఆడవాళ్లు ముందుకు జరిగి కూర్చున్నారు. వాళ్ల పెద్ద పార్వతమ్మ ఉండబట్టలేక అడిగింది.

"గా మేనమామగాన్ని సంపుతడా లేదా చెప్పు ముందుగాల. నాకు ఉడుకుతున్నది."

"చెప్తనక్క, జర ఓపిక వట్టు. కొన్ని నీళ్లు తాగొస్త" అని ఆపాడు దేవదానం. సరిగ్గా అప్పుడే పని గంట కొట్టారు. ఒక్కరు కూడా లేవలేదు. కుర్చీలో కూర్చున్న శంకరయ్య మీసం దువ్వుకున్నాడు. "సగం పాసైన్రు సాబ్. కడమ సగం గూడ గిట్లనే ఉండాలె" అన్నాడు జగదీశ్‌తో.

నీళ్ల కుండ పత్తి బేళ్ల వెనక ఉంది. జగదీశ్ అక్కడికి వెంటబడి వచ్చి దేవదానం భుజం మీద చెయ్యేశాడు.

"ఇరగదీశావయ్యా. ఇలాగే లాగెయ్. అన్నట్టు రెండో సగంలో ఆ ఏడుపు కామెడీ మళ్లీ పెడదాం. మేకపోతు బదులు ఈసారి కోడిపుంజు. ఆడాళ్లు పడి పడి నవ్వుతారు."

దేవదానం గ్లాసు దించాడు. "ఏ ఏడుపు సార్?"

"నా దగ్గర నాటకాలెందుకు. నీ నోటనే విన్నానుగా, కృష్ణానగర్ గదిలో. మీ నాన్నది."

దేవదానం ఇన్నాళ్లూ ఒకటనుకున్నాడు. వీడు మర్చిపోయి ఉంటాడు, పదిమంది దగ్గర పది ఏరుకునే మనిషి, ఏది ఎక్కడిదో గుర్తుండదు అనుకున్నాడు. వీడికి అంతా గుర్తుంది. తండ్రిదని కూడా గుర్తుంది.

"మరి నన్నెందుకు పిలిచిన్రు సార్?" అన్నాడు.

"తెలిసినవాడివి కాబట్టి పిలిచాను. నా మీద కోపంగా ఉన్నావనీ తెలుసు. కోపం మీదున్న రైటరు బాగా పనిచేస్తాడయ్యా. ఇక గొడవంటావా, నువ్వు చెయ్యవు. చేసేవాడివైతే అప్పుడే చేసుండేవాడివి." జగదీశ్ మంచినీళ్లు తాగి మూతి తుడుచుకున్నాడు. "పద, చల్లారిపోతుంది కథ."

ఒళ్లు మండిందంటే చిన్నమాట. ఆ బేళ్ల సందులోనే గొంతు పిసికి పత్తి కింద పూడ్చేద్దామా అనిపించింది దేవదానానికి. కానీ వాడు చేతులతో బతికేవాడు కాదు, నోటితో బతికేవాడు. గ్లాసు బోర్లించి వచ్చి ఆడవాళ్ల ముందు నిలబడ్డాడు.

"జైలుకెళ్లి వచ్చిన పిల్లగాన్ని జరసేపు చెట్టు కింద కూసుండవెట్టున్రి" అన్నాడు. "ఆని దాంట్లనే ఇంకో కథ ఉన్నది. గది చెప్త."

జగదీశ్ కుర్చీలో సర్దుకున్నాడు. ఇది అతనికి తెలిసిన కథలో లేదు. అయినా ఏదో కొత్త పిట్టకథ అల్లుతున్నాడనుకుని ఊరుకున్నాడు.

"ఒక ఊర్ల ఒకామె ఉండె. ఎవ్వరి ఇంట్ల మనిషి పోయినా ఆమెనే ఏడ్సాలె. ఆమె ఏడిస్తే పోయినోడు ఒక్కపాలి లేసి చూసి పోయినట్టు ఉంటుండె. ఆమె మొగడు పూణెల మట్టి కింద వడి సచ్చిండు. గా పీనుగు మీద ఆమె ఏడ్సిన ఏడ్పు ఇని ఊరి కుక్క గూడ బువ్వ ముట్టలే. గా ఏడ్పును ఒక సినిమాయన ఇన్నడు. కండ్ల నీళ్లు పెట్టుకున్నడు. పెట్టుకోని, దాన్ని మూట గట్టుకపోయి..."

ఆగాడు. ఎక్కడ ఆపాలో వాడికి తెలుసు.

"ఏం చేసిండు?" అంది పార్వతమ్మ.

"మేకపోతు మీద పాడిచ్చిండు. తాగొచ్చి తన్నినా తలుపు తీద్దునయ్యో అని."

ఆడవాళ్లలో ఒకతె కిసుక్కున నవ్వింది. "ఓ, గదా. మా పిల్లలు ఇప్పటికి పాడుతరు" అంటూ రాగం కూడా అందుకుంది. పక్కనున్న ఇద్దరు కలిశారు. సినిమాలో కమెడియన్ తిప్పినట్టే చేతులు తిప్పుతూ పాడారు. దేవదానం తల్లి వైపు చూశాడు. ఎస్తేరమ్మ వాళ్ల మధ్యలోనే కూర్చుని ఉంది, మొహంలో ఏమీ లేదు. 

"పాడకున్రమ్మా" అన్నాడు. "అది మా నాయిన పీనుగు. గా ఏడ్సినామె మా అవ్వ. మీ నడుమనే ఉన్నది చూడున్రి. ఎత్తుకపోయిన సినిమాయన గా కుర్చీల ఉన్నడు."

పాడుతున్న నోళ్లు ఆగిపోయాయి. అందరి తలలూ ముందు ముసలమ్మ వైపు, తర్వాత కుర్చీ వైపు తిరిగాయి. చేతులు తిప్పినామె కొంగుతో మొహం కప్పుకుంది. పార్వతమ్మ జగదీశ్‌ను కింది నుంచి పై దాకా చూసి పక్కకు తిరిగి ఉమ్మింది. దేవదానం ఆ ఉమ్మును చూసి ఇన్నేళ్ల ఆకలి తీరినంత సంతోషపడ్డాడు. ఇక శంకరయ్య లేచి జగదీశ్‌ను బయటికి పొమ్మనడమే తరువాయి.

కానీ లేచింది జగదీశ్.

లేచి, ముందుకొచ్చి, కళ్లు ఒత్తుకున్నాడు. నిజంగానే తడి ఉంది వాటిలో. మెచ్చుకోవాలి మహానుభావుణ్ణి. "సార్," అన్నాడు శంకరయ్యతో, "గంట కొట్టి ఎంతసేపైందో చూడండి. ఒక్కళ్లు లేచారా? ఆ జైలు కథ వదిలేద్దాం. ఇదే మన సినిమా. ఒక తల్లి, ఆవిడ శోకం, దాన్ని దొంగిలించిన డైరెక్టరు. దొంగ డైరెక్టరు వేషం నేనే వేస్తా. నేను చేసిన తప్పు నేనే తెర మీద చూపిస్తా. జనం విరగబడి చూస్తారు సార్."

శంకరయ్య వ్యాపారస్తుడు. ఆయన కళ్లు ఆడవాళ్ల మీద ఉన్నాయి. వాళ్లు ఉన్నచోటి నుంచి కదల్లేదు, కొందరు కళ్లు తుడుచుకుంటున్నారు. "ముచ్చట మంచిగనే ఉన్నది" అన్నాడు మెల్లగా. "షరతు గూడ పూర్తయింది. మాట మాటనే సాబ్, తీద్దాం."

 దేవదానం విసిరిన రాయిని జగదీశ్ పట్టుకుని ఇంటికి పునాది వేసుకుంటున్నాడు. వీడికి ఎంత విషం పెట్టినా పాయసంలా తాగేస్తున్నాడే, వీణ్ణి ఏం చేస్తే చస్తాడు అనుకున్నాడు. ఏడుపొచ్చేంత కోపం వచ్చింది, చేతకాని కోపం.

జగదీశ్ అప్పటికే ఎస్తేరమ్మ ముందు గొంతుక్కూర్చున్నాడు. జేబులోంచి ఫోను తీసి రికార్డు మీట నొక్కాడు. "అమ్మా, నన్ను క్షమించు. ఒక్కసారి ఆ పాట నీ నోటితో పాడు. నీ గొంతే సినిమాలో పెడతాను. నీ పేరు కూడా వేస్తాను."

ఎస్తేరమ్మ అతని మొహంలోకి చూసింది. ఇన్నేళ్ల తర్వాత నలుగురిలో ఆమె మాట్లాడడం అదే.

"అది పాట గాదు సారూ. శోకం. శోకానికి ముంగట పీనుగుండాలె. లేకుంటే నాకు నోరు రాదు."

"దానిదేముందమ్మా. షూటింగులో ఎవణ్ణో ఒకణ్ణి పడుకోబెడతాం."

"షూటింగు దాంక ఎందుకు. గిప్పుడే ఇంటనంటివి గదా. నువ్వే పండు."

జగదీశ్ నవ్వాడు. నవ్వుతూనే చుట్టూ చూశాడు. ఎవరూ నవ్వడం లేదు. పార్వతమ్మ లేచి వచ్చి ఎస్తేరమ్మ భుజం పట్టుకుంది.

"వద్దక్కా, నీ కాల్మొక్త. పానమున్నోని మీద శోకం బెడ్తరా ఎవరన్న."

"ఏమిటి, ఏమంటోంది?" అన్నాడు జగదీశ్.

"ఏం లేదు సాబ్" అన్నాడు శంకరయ్య, కుర్చీ ముందుకు జరుపుకుంటూ. "మా దిక్కు ముసలోళ్లు గట్ల అనుకుంటరు. బతికున్న మనిషి మీద శోకం వడితే ఆడు ఏడాది తిరగడని. మీరు సదువుకున్నోళ్లు, మీకేంది. పండున్రి."

సినిమావాళ్ల సంగతి మీకు తెలుసుగా. ముహూర్తం చూడకుండా చెప్పు కూడా విడవరు. జగదీశ్ వేళ్లకు ఎర్రదీ పచ్చదీ తెల్లదీ అన్ని రంగుల రాళ్లూ ఉన్నాయి. ఆ వేళ్లు ఇప్పుడు ఒకదాన్నొకటి వెతుక్కున్నాయి.

"అబ్బే, అవసరమా సార్ ఇప్పుడు. రేపు హైదరాబాదు నుంచి మైకు తెప్పించి..."

"రేపటి దాంక నా మనసు గిట్లనే ఉంటదో ఉండదో సాబ్" అన్నాడు శంకరయ్య. "తీద్దామంటి నిజమే, గని సగం ఇని పైసలు పెట్టెటోన్ని గాను. ఆమె ఏడుపు ఇంటే తీస్త, లేకుంటే లేదు. సినిమాల ఎంతమందిని పండవెట్టలేదు మీరు?"

 దేవదానానికి ఎంత ఆలోచించినా తట్టని దెబ్బ ఇది. తల్లి వాడి చేతిలోంచి పగను తీసుకుంది, తీసుకుని మంచి పిడి తగిలించింది. వాడికి కేక పెట్టాలనిపించింది. పండు దొంగ నా కొడకా, పండు, అని లోపల వందసార్లు అనుకున్నాడు.

పత్తి మోసే గోనె పట్టా ఒకటి నేల మీద పరిచి ఉంది. జగదీశ్ చెప్పులు విప్పాడు. ఒకసారి గేటు వైపు, బయట నిలబెట్టిన కారు వైపు చూశాడు. మళ్లీ శంకరయ్యను చూశాడు. పడుకున్నాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఛాతీ మీద పెట్టుకున్నాడు. ఆడవాళ్లు ఒక్కొక్కరే లేచి, వీపు చూపించకుండా వెనక్కి నడిచి, గుమ్మం అవతల ఎండలో నిలబడ్డారు. పనికి గంట కొట్టినా లేవనివాళ్లు ఇప్పుడు లేచారు.

ఎస్తేరమ్మ అతని తలాపున కూర్చుంది. ముడి విప్పింది. నెరిసిన జుట్టు భుజాల మీద పడింది. జోసెఫ్ చచ్చిన రోజు తర్వాత ఆమె జుట్టు విప్పి కూర్చోవడం దేవదానం చూడలేదు.

"మీ అవ్వ పేరేంది బిడ్డా?" అని అడిగింది.

జగదీశ్ కళ్లు తెరిచాడు. "ఎందుకమ్మా?"

"ఎవ్వరి కొడుకు పోయిండో చెప్పకుంట ఎట్ల ఏడుస్తరు? నా శోకం తల్లి పేరు మీద్నే లేస్తది."

"మా అమ్మ బతికే ఉంది. రాజమండ్రిలో." అన్నాడు జగదీశ్. "ఆవిణ్ణి ఇందులోకి ఎందుకు లాగడం?"

"నన్ను నువ్వు లాగలేదా? ఉండనీ. గంత దూరం ఇనవడదు తీ. పేరు చెప్పు."

అతను శంకరయ్య వైపు తల తిప్పాడు. శంకరయ్య చూపు తిప్పలేదు. రాళ్ల ఉంగరాల చేతులు ఛాతీ మీద ఎగిరెగిరి పడుతున్నాయి. చివరికి, పక్కవాళ్లకు వినపడీ వినపడనంత మెల్లగా, "మాణిక్యాంబ" అన్నాడు.

"మాణిక్యాంబ" అని ఎస్తేరమ్మ ఒకసారి పెదాల మీద అనుకుని చూసుకుంది. రాగానికి అది సరిపోయినట్టే ఉంది. తర్వాత అతని భుజం తట్టి, "జర జరుగు సారూ" అంది. అతను పట్టా మీద ఒక పక్కకు జరిగాడు.

ఆమె తల ఎత్తి కొడుకు వైపు చూసింది. నీళ్లు కావాలేమో అనుకున్నాడు దేవదానం. "మంచినీళ్లు తేవాల్నా అవ్వా?"

"వద్దు. నువ్వొచ్చి ఈ పక్కన పండు."

"నేనా? నేనెందుకే?"

"మీ నాయిన పీనుగు కాడ నేను ఏడ్సిననాడు ఈ సారు లేకుండె" అంది ఎస్తేరమ్మ. గొంతులో కోపం లేదు, అదే వాణ్ణి భయపెట్టింది. "నా నోట్ల మాట ఈయన చెవుల దాంక ఎవ్వరు మోసిన్రో, నాగర్‌కర్నూల్ల సినిమా చూసిననాడే ఎర్కైంది నాకు. గాడ నవ్వినోళ్ల కోసం నేను నోరు మూసుకోలే. ఆళ్లెవరో, నేనెవరో. నా ఇంట్ల పుట్టినోడు నా మొగని పీనుగును సినిమా కోసం అమ్మజూపిండని మూసుకున్న. నా చెల్లె పోయిననాడు గూడ నోరు దెర్వకపోతి. తెరిస్తే ఎన్కనే నువ్వుంటివి, ఇనుకుంట."

"అవ్వా, గిదంతా నీ కోసమే గదనే నేను..."

"ఎర్కే."

గుమ్మంలో ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. శంకరయ్య కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. పట్టా మీద జగదీశ్ పక్కన ఒక మనిషికి సరిపడా చోటు ఖాళీగా ఉంది. ఎస్తేరమ్మ ఆ చోటును అరచేత్తో దులిపింది, అంటుకున్న దూదిని తీసి అవతల పడేసింది.

"పండు కొడుకా" అంది. "ఆయన తల్లి పేరు అడగాల్సొచ్చింది. నీ తల్లి పేరు నాకు తెల్వనిదా."